బోర్లించి చూశావా?

మా షాపులో ఒకటే రూలు. ఏ సైకిలు ఫ్రేముకైనా సరే, డ్రిల్లు బిట్టు ఆనించే ముందు దాన్ని బోర్లించి, పెడళ్ల ఇరుసు తిరిగే డొప్ప అడుగున ఎన్ని చుక్కలున్నాయో చూడాలి. ఆ చుక్కలు మా అన్నయ్య సుత్తీ పంచ్‌తో కొట్టినవి. ఒక చుక్క ఉంటే గొట్టాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే మందం, ఎక్కడైనా కన్నం వేసుకోవచ్చు. రెండు చుక్కలుంటే అవి తేలిక గొట్టాలు. అతుకుల దగ్గర మందంగా ఉంటాయి, నడిమధ్యలో పల్చబడిపోతాయి. అక్కడ కన్నం వెయ్యకూడదు. ఈ సంగతి అన్నయ్య నాకు పదహారేళ్లప్పుడు చెప్పాడు. ఇప్పుడు నాకు నలభై ఏడు. ఈ ముప్ఫై ఏళ్లలో పనిలోకి వచ్చిన ప్రతివాడికీ నేను అదే రూలు చెప్పాను, అదీ కసిరి మరీ. అలాంటివాణ్ణి ఒక్కసారి బోర్లించి చూడలేదు. చూడకుండానే చూశానని చెప్పాను.

వీధిలో మమ్మల్ని పెద్ద మేస్త్రి, చిన్న మేస్త్రి అంటారు. ఫ్రేము కట్టడం పెద్ద మేస్త్రి పని. గొట్టాలు కోసి, మూలలు కలిపి, గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి అతికిస్తాడు. చక్రాలు, బ్రేకులు, రంగులు, పంచర్లు, జనంతో వాదనలు చిన్న మేస్త్రివి. నాలుగేళ్ల కిందట అన్నయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. మంట పట్టుకునే చెయ్యి అది. ఒకరోజు తనే గ్యాసు కట్టేసి, కళ్లద్దాలు తీసి, "ఇక చాల్రా" అన్నాడు. అప్పట్నుంచి గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంటాడు. సగం గ్లాసు టీ మాత్రమే పోయించుకుంటాడు, నిండుగా పోస్తే ఒలికిపోతుందని.

ఊరికే కూర్చుంటే ఏ గొడవా లేదు. సలహాలిస్తాడు. నేను స్పానరు తీస్తే "పదమూడుది తియ్యి" అంటాడు, నా చేతిలో ఉన్నది పదమూడే అయినా సరే. వచ్చినవాళ్లు నా మొహం చూసి, నన్ను దాటి, పీట దగ్గరికి వెళ్లి "ఏం మేస్త్రీ, దీనికేం చేద్దాం?" అంటారు. చేసేది నేను, అడిగేది ఆయన్ని. ఇది నాకు మండేది. అన్నయ్య మీద నాకు ప్రేమ లేదని కాదు. ప్రేమ ఉంటూనే మండేది. దాచిపెట్టి లాభం లేదు కాబట్టి చెబుతున్నాను.

వదిన నర్సు. ఇంటింటికీ సైకిలు మీద తిరిగి బీపీలూ షుగర్లూ చూసి రిజిస్టర్లో రాసుకుంటుంది. ఆరేళ్ల కిందట అన్నయ్య తన చేతులతో కట్టిచ్చిన ఎర్ర సైకిలు ఆవిడది. మొన్నామధ్య ఆవిడ కిడ్నీలో రాయి పడింది. మూడు రోజులు మెలికలు తిరిగిపోయింది. గంటకోసారి నీళ్లు తాగకపోతే మళ్లీ నా దగ్గరికే వస్తారని డాక్టరు బెదిరించాడు. సంచిలో సీసా పెట్టుకుంటే అది కారి రిజిస్టర్లు తడిసిపోయాయి. ఒక ఉదయం బండి తోసుకుంటూ షాపులోకి వచ్చింది.

"మరిదిగారూ, దీనికి నీళ్ల సీసా పెట్టుకునే హోల్డరు బిగించాలి. ఊగకూడదు, గలగలలాడకూడదు."

"బిగించడానికి కన్నాలేవీ వదినా? అన్నయ్య పెట్టలేదుగా."

"ఆయన కట్టినప్పుడు నేను నీళ్లసీసా కట్టుకు తిరిగే వయసుదాన్నా? ఆ డాక్టరేమో తాగు తాగు అంటాడు. తాగాక ఎవరింట్లో ఆగాలో మాత్రం చెప్పడు."

పీట మీంచి అన్నయ్య నవ్వాడు. నవ్వి, సలహా ఇచ్చాడు. "ఇత్తడి గుబ్బలు అతికించరా. లోపల మరలున్నవి ఉన్నాయిగా డబ్బాలో. ఒక్కోదాని కింద తమలపాకంత రేకు ముక్క వేసి అతికిస్తే గొట్టానికి బలం. రంగు కాలుతుందనుకో, మళ్లీ వేద్దువుగాని."

అంటే ఒక పూట మంట పని, రెండు రోజుల రంగు పని. పైగా మంట దగ్గర నిలబడితే నా వెనక ఆయన నిలబడతాడు. నేనేమో కిందటి నెలలోనే కొత్త పనిముట్టు ఒకటి తెప్పించాను. రివెట్ నట్లు నొక్కేది. గొట్టానికి కన్నం వేసి, మరలున్న నట్టు దూర్చి, ఈ పనిముట్టుతో నొక్కితే లోపలివైపు ఉబ్బి గొట్టాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. మంట అక్కర్లేదు, రంగు చెడదు. ఇంతవరకు అన్నయ్య చెయ్యని పని, అన్నయ్యకి రాని పని. అందుకే నాకు అంత ముద్దు.

"పది నిమిషాల్లో అయ్యేదానికి రెండ్రోజులెందుకన్నయ్యా?" అన్నాను.

"అయితే కానీ. బోర్లించి చూశావా?"

"ఎన్ని చుక్కలో నీకు గుర్తు లేదా? వదినకి కట్టిందేగా."

"అప్పట్లో రెండు రకాల గొట్టాలూ ఉండేవిరా షాపులో. ఏది వేశానో ఏం గుర్తు? నా బుర్రని నమ్మలేకే చుక్కలు కొట్టుకున్నాను."

బండి వెనక వదిన సంచి కట్టి ఉంది. అందులో రిజిస్టర్లు, బీపీ మిషను. ముందు గొడుగు. బోర్లించాలంటే అవన్నీ విప్పాలి. విప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కానీ ఆ రోజు పొద్దున్నుంచి ఆయన నాకిచ్చిన సలహాల్లో అది తొమ్మిదోదో పదోదో. వదిన చూస్తుండగా, పదహారేళ్ల కుర్రాడిలా ఆయన మాట విని వంగడం నాకు చిన్నతనంగా అనిపించింది.

"ఆఁ, చూశాలే. ఒకటే చుక్క," అన్నాను.

అన్నయ్య తలూపాడు. మళ్లీ అడగలేదు. ఆయనకి నా మీద ఉన్న నమ్మకం అలాంటిది. ఇద్దరూ టిఫినుకని వెనక ఇంట్లోకి వెళ్లారు.

హ్యాండిలు దగ్గర్నుంచి పెడళ్లదాకా దిగే వాలు గొట్టం నడిమధ్యన కొలిచి గుర్తులు పెట్టి, డ్రిల్లు ఆన్ చేశాను. బిట్టు ఆనించి కాస్త నొక్కానో లేదో చటుక్కున లోపలికి దిగిపోయింది. మందపు గొట్టమైతే బిట్టు కాసేపు గీపెడుతుంది, చుట్టలు చుట్టలుగా ఇనప రజను తీస్తుంది. ఇదేమీ జరగలేదు. ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. అయినా సంచి విప్పి బోర్లించాను. నూనె మరక తుడిచాను. పక్కపక్కనే రెండు చుక్కలు.

అక్కడ ఆగి ఉంటే ఒక కన్నంతో పోయేది. మందపు రేకు ముక్క వేసి దాన్ని మూసేయొచ్చు. కాకపోతే "చూడలేదు" అని చెప్పాలి. నేను రెండో కన్నం కూడా వేశాను. నట్లు దూర్చి నొక్కితే పల్చటి గొట్టం వాటిని పట్టుకోలేక లోపలికి సొట్టపోయింది, నట్లు వదులుగా తిరిగాయి. రెండు ట్యూబులు కలిపి రాసే గట్టి జిగురు ఉంటుంది, అది పూసి, ఆరబెట్టి, పైన హోల్డరు బిగించాను. హోల్డరు కింద అంతా దాగిపోయింది. వదిన వచ్చి సీసా దూర్చి, ఊపి చూసి, "చూశారా, మా మరిది చేతిలో పడితే ఎంత పనైనా పది నిమిషాలే" అంది. అన్నయ్య పీట మీద నుంచి "బాగుందిరా" అన్నాడు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం వదిన వచ్చి, పెడలు నొక్కినప్పుడల్లా టిక్కు టిక్కుమంటోందని చెప్పింది. బండి లోపల పెట్టించుకుని, ఎవరూ లేనప్పుడు హోల్డరు విప్పాను. కింది కన్నం అంచు నుంచి పగులు పాకి ఉంది, నా చిటికెన వేలి గోరంత పొడవున. ఇళ్లకి వెళ్తూ ఆవిడ రోజూ దిగే ఏటవాలు రోడ్డు, ఆవిడ వేగం, కింద మలుపు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు కనపడ్డాయి. బండి ఇక ఇవ్వకూడదని మాత్రం అప్పుడే అనుకున్నాను. ఆ ఒక్కటి సరిగ్గా చేశాను. మిగతాదంతా చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.

హోల్డరు మళ్లీ బిగించి, ఇది తొక్కడానికి లేదు వదినా అని చెప్పి, షాపులోంచి ఆవిడకి వేరే బండి ఇచ్చాను. అన్నయ్య పీట దగ్గరకి జరుపుకుని అడిగాడు.

"ఎక్కడరా చప్పుడు?"

"పెడల్ డొప్ప దగ్గర. అతుకులోంచి."

"కన్నాల దగ్గర కాదుగా?"

"కాదు."

"అయితే నా అతుకే," అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు. "ఇత్తడి అంతా పారలేదేమో."

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడు కనీసం. నేను మూసుకోలేదు. ఆయనకి ఇంకే అనుమానమూ రాకూడదని, ఆయన్ని ఓదారుస్తున్నట్టు మొహం పెట్టి, "అప్పటికే నీ చెయ్యి కాస్త వణకడం మొదలైందేమో అన్నయ్యా. మనకి తెలియలేదు" అన్నాను.

ఆయన తన చేతివైపు చూసుకున్నాడు. అది ఎప్పట్లాగే తొడ మీద తనపాటికి తను ఆడుతోంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని, "అయ్యుండొచ్చు," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లని చూసి నేను బోలెడుసార్లు నవ్వాను. మద్దెల వాయించిన మనిషినే ఓడనడం నాకే చెల్లింది.

మర్నాడు అన్నయ్య అల్మరాలోంచి పాత నోటుబుక్కు తీశాడు. కట్టిన ప్రతి ఫ్రేముకీ అందులో ఒక వరుస ఉంటుంది. నంబరు, రంగు, ఎవరికోసం. వదిన సైకిలు యాభై రెండోది. దాని తర్వాత ఇంకా పదకొండు కట్టి మానేశాడు. ఆ పదకొండింటి చుట్టూ వేలితో రాస్తూ కూర్చున్నాడు.

"ఇవన్నీ ఆ చేత్తో కట్టినవేరా," అన్నాడు. "దీంట్లో అతుకు పారకపోతే వాటిలో పారిందని ఏం నమ్మకం? మనుషులు ఎక్కి తిరుగుతున్నారు."

"నేను వెళ్లి చెప్తాలే అన్నయ్యా."

"వద్దు. నా తప్పు నేనే చెప్పుకోవాలి."

ఆ మాట వినగానే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. మింగలేక కక్కలేక నిలబడ్డాను, ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. బస్సెక్కడానికి ఎడమచెయ్యి, వణికే చెయ్యి జేబులో. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, సుద్దముక్క తీసుకుని గుమ్మం పక్క గోడ మీద ఒక గీత గీశాడు. చెయ్యి వణికి ఆ గీత మెలికలు తిరిగింది.

"వాచీలు బాగుచేసే ఆయన," అన్నాడు. "బండి బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ, ఏం కాదులెండి అంటాడు. బతిమాలుకున్నాను, ఎక్కవద్దని. చివరికి సరేనన్నాడు."

రోజుకొకటి, ఒక్కోరోజు రెండు. లైబ్రరీలో పనిచేసే ఆవిడ. దర్జీ. డ్రాయింగు మాస్టారు. ఆయన ఎవరింటికి వెళ్లాడో, వాళ్లేమన్నారో వచ్చి నాకు చెప్పేవాడు, నేను చక్రాల ఊచలు బిగిస్తూ తలెత్తకుండా వినేవాణ్ణి. ఎవరో ఒకావిడ మంచినీళ్లిచ్చి, ఇంత వయసులో వచ్చి చెప్పారు, మీరు చాలా మంచివారండీ అందట. అది చెప్పి అన్నయ్య, "మంచితనం ఏముంది అందులో, చేసిన పాడుపనికి" అన్నాడు. షాపుకొచ్చిన ఎవరో ఏదో మాట్లాడుతూ "దొంగ" అంటే చాలు, నేను ఉలిక్కిపడేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ భుజాలు ఎందుకు తడుముకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో అన్నం ఎదురుగా పెట్టుకుని కెలికి లేచేవాణ్ణి. పొద్దున్నే లేచి, ఇవాళ చెప్తాను అనుకునేవాణ్ణి. గోడ మీద గీతలు పదకొండయ్యాయి. నేను చెప్పలేదు.

పదకొండో గీత గీసిన మర్నాడు అన్నయ్య, "ఆ ఎర్ర ఫ్రేము విప్పరా. డొప్ప దగ్గర అతుకు కోసి చూద్దాం. ఎంత పాడుగా కట్టానో కళ్లతో చూస్తే గాని నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

చక్రాలు, పెడళ్లు, గొలుసు విప్పాను. బోర్లించి పెట్టగానే ఆ రెండు చుక్కలు నా వైపే చూశాయి. ఆయనేమో చేతులు కడుక్కోడానికి వెనక్కి వెళ్లాడు. పక్కన ఆకురాయి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. రెండుసార్లు గట్టిగా రాస్తే ఒక చుక్క పోతుంది. అంతదాకా వెళ్లాను నేను. రాయలేదు, కానీ అది నా మంచితనం కాదు. అప్పుడే వదిన టీ గ్లాసులతో వచ్చింది.

ఫ్రేముని బిగింపులో పెట్టి రంపం పట్టుకున్నాను. అన్నయ్య పీట దగ్గరకి లాక్కుని కూర్చున్నాడు. ఏ లోపమూ లేని అతుకు అది. నాకు తెలుసు, నాకొక్కడికే తెలుసు. కోస్తూ ఉంటే రంపం కింద ఇనుమూ ఇత్తడీ కలిసిన వాసన వచ్చింది. సగం కోశాక ఆగాను. "నొప్పెట్టిందా చెయ్యి?" అని అడిగాడు. లేదని చెప్పి మిగతా సగమూ కోశాను. మా అన్నయ్య చేసిన పనిని ఆయన ఎదురుగానే, నా అబద్ధం నిలబెట్టుకోడానికి, రెండు ముక్కలు చేశాను.

ముక్క ఆయన చేతికిచ్చాను. కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి, అద్దాలు పైకి తోసి చూశాడు. తిప్పి చూశాడు. అంచు చుట్టూ ఇత్తడి సన్నటి పచ్చటి గీతలా ఉంది, ఎక్కడా తెగకుండా, గుండ్రంగా, పూర్తిగా.

"ఒరేయ్," అన్నాడు. "పారిందిరా! అంతా పారింది! చూడు, చూడు, ఒక్క వెంట్రుకవాసి ఖాళీ లేదు." కేకేశాడు. "ఏమేవ్, ఇలా రా! చూడు నీ బండి! నా చెయ్యి బాగానే ఉందప్పుడు!"

ఆ మొహం నేను మర్చిపోలేను. నాలుగేళ్లుగా ఆయన మొహంలో అంత సంతోషం చూడలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

వదిన ముక్క తీసుకుని చూసి, "మరి అయితే టిక్కుటిక్కుమన్నదేమిటి?" అంది.

అన్నయ్య నవ్వు ఆగలేదు వెంటనే. "అదే చూడాలి," అంటూ ముక్కని తిరిగి తీసుకుని అరచేతిలో దొర్లించాడు. వణికే బొటనవేలు డొప్ప అడుగున తడుముకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. కొంచెం పక్కకి జరిగి మళ్లీ ఆగింది. ముక్కని తిప్పి కళ్లతో చూశాడు. తర్వాత బిగింపులో ఉన్న ఫ్రేము వైపు, దాని వాలు గొట్టానికి ఇంకా బిగించే ఉన్న హోల్డరు వైపు చూశాడు.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. చాలా నెమ్మదిగా, నాకు పదహారేళ్లప్పుడు అడిగినట్టే అడిగాడు.

"బోర్లించి చూశావా?"

"లేదన్నయ్యా."

ఆ రెండు మాటలకి నాకు నెల్లాళ్లు పట్టింది. తర్వాత మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి. సంచి విప్పడానికి బద్ధకించింది, బిట్టు చటుక్కున దిగింది, జిగురు, పగులు. హోల్డరు విప్పి పగులు చూపించాను. ఆకురాయి సంగతి కూడా చెప్పాను. చివరికి, "నీ చెయ్యి వణికిందేమోనన్నాను కదా, అది..." అనబోయి ఆగిపోయాను.

వదినే ముందు మాట్లాడింది. "నా ప్రాణం సంగతి అలా ఉంచు. పదకొండు ఇళ్లు తిరిగొచ్చాడయ్యా మనిషి. బస్సులో కూర్చోడానికి చోటు లేక నిలబడి. అవన్నీ ఇక్కడే కూర్చుని విన్నావు." ఎప్పుడూ మరిదిగారూ అని ఏడిపించే మనిషి, ఆ పిలుపు పిలవలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

అన్నయ్య కోసిన ముక్కని బల్ల మీద పెట్టాడు. "నీకు చెయ్యొచ్చుగా, మంటతో. నేర్పానుగా," అన్నాడు. "నన్ను దగ్గర్లో నిలబడొద్దంటే నిలబడకపోదును."

నాకు తల కొట్టి మొలేసినట్టయింది. ఆయనకి అది కూడా తెలుసు.

"పదకొండు ఇళ్లకీ నేను వెళ్తాను," అన్నాను. ఆయన నోటుబుక్కు నా వైపు తోశాడు.

వెళ్లాను. మొదటి ఇంట్లో పది నిమిషాలు వాచీల గురించి మాట్లాడాను. తర్వాత చెప్పాను. "మా అన్నయ్య పనిలో ఏ తప్పూ లేదండీ. కోసి చూశాం. తప్పు చేసింది నేను, అబద్ధం చెప్పింది నేను." వాచీల ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేనప్పుడే అన్నాను, ఏం కాదని" అని మళ్లీ పనిలో పడ్డాడు. దర్జీ కత్తెర పక్కన పెట్టి, "సొంత అన్నని!" అన్నాడు. లైబ్రరీ ఆవిడ, మొన్న ఆయన తప్పంటూ ఆయనొచ్చాడు, ఇవాళ నీ తప్పంటూ నువ్వొచ్చావు, రేపు ఎవరొస్తారని అడిగింది. ఎన్ని ఇళ్లు తిరిగినా నాకు ఆ మాటలు అలవాటు కాలేదు. అయినా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను.

చివరిది డ్రాయింగు మాస్టారిల్లు. ఆయన నా మాట మొత్తం విన్నాడు. విని, బొమ్మల బోర్డు పక్కకి పెట్టి, "ఆలస్యమైంది మేస్త్రీ," అన్నాడు. "పెద్ద మేస్త్రి స్వయంగా వచ్చి తొక్కొద్దన్నాక ఇక ఇంట్లో ఎందుకు? ఎవరైనా తెలియక ఎక్కితే ప్రమాదమని, రెండు ముక్కలు కోయించి మరీ తుక్కులో వేయించాను. ఆయన మాటంటే నాకంత గురి."

తుక్కు కొట్టు ఎక్కడో అడిగి పరుగెత్తాను. పోయిన వారం సరుకంతా లారీ ఎక్కి వెళ్లిపోయిందన్నారు.

నేను తిరిగొచ్చేసరికి అన్నయ్య పీట మీద లేడు. బల్ల దగ్గర నిలబడి వదినకి కొత్త ఫ్రేము కోసం గొట్టాలు ఏరుతున్నాడు. తను చెబుతాడు, నేను కట్టాలి. ఆ వారమంతా అదే చేస్తున్నాం. మాటలు పెద్దగా లేవు, "ఇంకొంచెం వేడి", "చాలు", అంతే. ఆ రోజు వాలు గొట్టం మీద రేకు ముక్కలు వేసి, ఇత్తడి గుబ్బలు రెండూ అతికించాను. ఆయన వెనకే నిలబడ్డాడు. నాకు చిరాకు వెయ్యలేదు. ఇత్తడి కరిగి గుబ్బ చుట్టూ పారింది. మంట ఆపాను.

"అందరికీ చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను."

"ఏమన్నారు? అందరూ తొక్కుతున్నారా మళ్లీ?"

తొక్కుతున్నారన్నయ్యా అనొచ్చు. డ్రాయింగు మాస్టారు ఇటువైపు రాడు. అన్నయ్య ఇక ఎవరింటికీ వెళ్లడు. ఆ అబద్ధం ఆయనకోసమే అని నాకు నేను చెప్పుకోవచ్చు కూడా. మొదటిదీ అంత చిన్నగానే వచ్చింది నోట్లోంచి.

"పదిమంది తొక్కుతున్నారు," అన్నాను. "డ్రాయింగు మాస్టారిది లేదు. నువ్వు చెప్పావని ముక్కలు చేయించి తుక్కులో వేశాడట. వెళ్లాను, దొరకలేదు."

అన్నయ్య నోటుబుక్కు తెరవలేదు. "ఆకుపచ్చది," అన్నాడు.

"ఆఁ."

"అరవై మూడు. నేను కట్టిన ఆఖరుది." చల్లారుతున్న గుబ్బల మీద వేలు పెట్టబోయి, వేడికి వెనక్కి తీసుకున్నాడు. "అది బాగా కుదిరిందిరా."

తడిగుడ్డ తీసి నా చేతికిచ్చి, గుమ్మం పక్క గోడ చూపించాడు. "పది గీతలు తుడిచెయ్యి. ఒకటి ఉండనీ."

పది తుడిచాను. పదకొండోది ఇప్పటికీ ఉంది. పొద్దున్నే షాపు తలుపు తీస్తే ముందు కనబడేది అదే.